సౌదీ గురించి ఊళ్లో చెప్పుకునేవాటిలో ఏది నిజం?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీది కోస్గి పక్కన ఊరు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోయింది. రియాద్‌లో కంపెనీ ఉద్యోగం, నెలకు 1,400 రియాళ్లు అని ఏజెంటు చెబుతున్నాడు. ఇంట్లో మాత్రం తలా ఒక మాట. "ఆడ చిన్న తప్పు జేసినా చేతులు నరుకుతరంట బిడ్డా" అని అమ్మ భయం. అక్కడోళ్లంతా కోటీశ్వరులే, నాలుగేళ్లుంటే మనమూ బాగుపడతామని చిన్నాయన ఆశ. దేవుడి ఫోటో దగ్గరుంటే జైలే అని ఒక స్నేహితుడు. ఇసుక తప్ప చెట్టు కనపడదని ఇంకొకరు. ఇప్పుడంతా మారిపోయింది, దుబాయ్ లెక్కనే అయిందని ఏజెంటు. ఇందులో ఏది నిజమో అక్కడ ఉండి వచ్చినవాళ్లు చెప్పమన్నావు.

నేను 2001 నుంచి 2020 దాకా సౌదీలో ఉన్నాను. మాది మక్తల్ దిక్కు. మొదటి రెండేళ్లు బురైదా దగ్గర మజ్రాలో, అంటే పొలంలో పనిచేశాను. తర్వాత రియాద్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో హెల్పర్‌గా చేరి, ఎలక్ట్రీషియన్ అయి, చివరికి ఫోర్‌మన్ అయ్యాను. మధ్యలో ఏడాదిన్నర అబహాలో ఉన్నాను. కరోనా టైంలో ఇంటికి వచ్చేశాను. మా బామ్మర్ది ఇంకా అక్కడే ఉన్నాడు, రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం.

నేను పోకముందు మా ఊళ్లో సౌదీ చూసొచ్చినవాళ్లు ఇద్దరే. ఒకాయన దమ్మాంలో పెద్ద కాంట్రాక్టరు దగ్గర ఉండి వచ్చాడు. ఏసీ గది, మెస్సులో భోజనం, నెల తిరగగానే జీతం. ఇంకొకాయన హాయిల్ దిక్కు గొర్రెలు కాసి వచ్చాడు. నెలల తరబడి ఇంకో మనిషి ముఖం చూడలేదని, ట్యాంకరులో నీళ్లు ఎండకు కాగిపోతే గోనెసంచి తడిపి చుట్టి చల్లార్చుకునేవాడినని చెప్పేవాడు. ఇద్దరూ అదే హనుమాన్ల గుడి గద్దె మీద కూర్చుని చెప్పేవాళ్లు. వినేవాళ్లకు ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టే ఉండేది. నేను వెళ్లాక తెలిసింది, ఇద్దరూ ఉన్నదే చెప్పారు.

సౌదీ విస్తీర్ణం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలాంటివి పందొమ్మిది పడతాయి. పనికి పోయినవాడు చూసేది మాత్రం గది, బస్సు, సైటు, మళ్లీ గది. శుక్రవారం వస్తే రియాద్‌లో బత్తా బజారు. ఇరవై ఏళ్లున్నా చాలామందికి అంతే. తిరిగొచ్చి తాను చూసిన ఆ మూలనే సౌదీ అని చెబుతాడు. కరీంనగర్, నిజామాబాద్ దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి పదిమంది మాటలు కలిసి కొంత అసలు సంగతి తెలుస్తుంది. మన పాలమూరు వలసంతా బొంబాయి, పుణె బస్సుల్లోనే పోయింది. గల్ఫ్‌కు పోయినవాళ్లు తక్కువ. అందుకే మన దగ్గర తిరిగే సౌదీ మాటల్లో చూసినవాటి కన్నా విన్నవే ఎక్కువ. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, కువైట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు కదా.

ముందు ఇసుక సంగతి చెప్తాను, నాకు బాగా తెలిసింది అది. దక్షిణాన రుబ్ అల్ ఖాలీ అని ఉంది. పక్క దేశాల్లోకి పోయిన భాగం కలిపి అది ఒక్కటే ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు. దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. అంతవరకు మీ వాళ్లు విన్నది నిజమే. కానీ నన్ను మొదటిసారి దించిన కసీం ప్రాంతంలో, అంటే బురైదా దిక్కు, పొద్దున లేచి చూస్తే కనుచూపు మేర పచ్చటి గోధుమ చేను. గుండ్రంగా, తాడు పట్టి గీసినట్టు. మధ్యలో బోరు, దానికి నాలుగు వందల మీటర్ల ఇనుప చేయి, చక్రాల మీద మెల్లగా తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. ఒక్కో గుండ్రం సుమారు 120 ఎకరాలు. ఇరవై గుంటలు పారించడానికి కరెంటు కోసం రాత్రంతా మేలుకున్న ఇంట్లోంచి వెళ్లినవాణ్ణి, ఆ చేను గట్టున చాలాసేపు అట్లనే నిలబడిపోయాను.

అక్కడ నా పని నాజిళ్లు చూడటం. ఇసుక పడి మూసుకుపోతే కిందికి దింపి, సన్నటి తీగతో పొడిచి, మళ్లీ బిగించాలి. రాత్రిపూట టార్చి నోట్లో కరుచుకుని చేసేవాణ్ణి. బోరు నుంచి వచ్చే నీళ్లు చలికాలంలో కూడా వేడిగా ఉండేవి, పొగలు కక్కేవి. అంత లోతు నుంచి వస్తున్నాయి అవి. కఫీల్, అంటే యజమాని, వాళ్ల ముసలి తండ్రి సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చునేవాడు. రెండో ఏడు నాకు అరబ్బీ కొంచెం అర్థమయ్యేసరికి ఆయన చెప్పిన మొదటి సంగతి ఏమిటో తెలుసా? చిన్నప్పుడు ఆ బావిలో ఒంటెను కట్టి మోట తోలేవాళ్లట. తోలు బొక్కెన, గిలక, ఒంటె ముందుకు నడిస్తే నీళ్లు పైకి, వెనక్కి నడిస్తే బొక్కెన లోపలికి. మన దగ్గర ఎద్దులు, వాళ్ల దగ్గర ఒంటె. మా తాత కూడా మోట తోలినవాడే అని చేతులతో చేసి చూపిస్తే ఆ ముసలాయన నా భుజం తట్టి, తన చేతిలోని ఖర్జూరాలు నా చేతిలో పోశాడు.

ఆ గోధుమల కథ మాత్రం మంచిగా ముగియలేదు. భూమి అడుగున వేల ఏళ్ల కింద నిలిచిన నీళ్లు అవి. వాన వల్ల మళ్లీ నిండేవి కావు. 1980ల్లో సర్కారు మద్దతు ధర ఇచ్చి గోధుమ వేయించింది. 1990ల మొదట్లో బయటి దేశాలకు అమ్మేంత పండింది. నీళ్లు పాతాళానికి పోతున్నాయని చూసి 2008లో కొనుగోలు ఏటా తగ్గించుకుంటూ పోవాలని నిర్ణయించారు. 2016కు కొనడం ఆపేశారు. నేను 2015లో ఒకసారి ఆ దారిన పోయాను. నేను తిప్పిన ఇనుప చేయి తుప్పు పట్టి ఇసుకలో నిలబడి ఉంది. మన ఊళ్లలో ఎండిన బోరు మీద రాయి పెట్టి వదిలేస్తామే, నాకు అదే యాదికొచ్చింది. డబ్బున్న దేశం కదా, వాళ్లకేం అని మనం అనుకుంటాం. భూమిలో నీళ్లు అయిపోతే డబ్బున్నా చేసేది ఏమీ లేదని అక్కడ చూశాను. రియాద్‌లో నువ్వు తాగబోయేవి కూడా చాలావరకు సముద్రపు నీళ్లే. జుబైల్ తీరంలో ఉప్పు తీసి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోలుతారు. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసినవాడికి మంచినీళ్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అబహా. సముద్ర మట్టానికి 2,200 మీటర్ల ఎత్తు. ఆగస్టులో స్వెటర్ వేసుకుని పనికి పోయాను అంటే మా ఇంట్లో నమ్మలేదు. పొగమంచు దిగితే ఎదుటి బండి కనపడదు. కొండవాలులో మెట్లు మెట్లుగా చేలు. రోడ్డు మలుపుల దగ్గర కోతులు గుంపులుగా వచ్చి కారు అద్దం మీద కొడతాయి. అక్కడి నుంచి కిందికి దిగితే జీజాన్. జొన్న పండుతుంది, మామిడి పండుతుంది. దారి పక్కన పిల్లలు మల్లెపూల దండలు పట్టుకుని అమ్ముతారు. మల్లెపూలు! ఒక దండ కొని గదిలో మేకుకు తగిలించుకున్నాను. ఆ రోజు నేనూ, నా పక్క మంచంలో ఉండే నారాయణపేట తమ్ముడూ సరిగ్గా అన్నం తినలేదు. ఇద్దరికీ ఇల్లే యాదికొచ్చింది.

నువ్వు పోయేది రియాద్ కాబట్టి ఇది గుర్తుంచుకో. అక్కడి వేడి పొడి వేడి. ఎండాకాలం 45 డిగ్రీలు మామూలే, చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. జనవరిలో రాత్రిపూట ఐదారు డిగ్రీలకు దిగుతుంది. మంచి రగ్గు, స్వెటర్ తీసుకుపో. సౌదీకి స్వెటర్ ఎందుకురా అని ఇంట్లో అంటారు, వినకు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది.

అందరూ కోటీశ్వరులే అన్నది చిన్నాయన మాట. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉన్నది 3.2 కోట్ల మంది, అందులో సౌదీ వాళ్లు 58 శాతం చిల్లర. మిగతా అంతా మనలాంటి బయటివాళ్లు. ఆ 58 శాతంలో టాక్సీ నడిపేవాళ్లున్నారు, మాల్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్లున్నారు, సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే ఆడపిల్లలున్నారు. మా సైటులో గేటు దగ్గర కూర్చునే సౌదీ ఆయన ఒకాయనకు ఆరుగురు పిల్లలు. నెలాఖరులో నా దగ్గర యాభై రియాళ్లు చేబదులు తీసుకుని, ఒకటో తారీకున తెచ్చి లెక్కపెట్టి ఇచ్చేవాడు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేసే పథకం 2017 చివర్లో మొదలైంది. అందరూ షేకులే అయితే ఆ పథకం ఎవరి కోసం?

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, వాళ్ల పిల్లలకు ఉద్యోగాలు కావాలి కాబట్టి 2011 నుంచి ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీ వాళ్లను పెట్టుకోవాలని లెక్క పెట్టారు. 2016లో సెల్‌ఫోన్ దుకాణాల పని పూర్తిగా వాళ్లకే అన్నారు. రాత్రికి రాత్రి షాపులు ఖాళీ చేసి వెళ్లిన మనవాళ్లను నేను చూశాను. 2017 నుంచి కుటుంబాన్ని దగ్గర పెట్టుకుంటే మనిషికి నెలకు ఇంత అని ఫీజు. మొదట 100 రియాళ్లు, 2020కి 400 అయింది. భార్యాపిల్లల్ని ఇంటికి పంపించి, మళ్లీ బ్యాచిలర్ గదుల్లో చేరిన హైదరాబాదీలు ఎందరో. నీ 1,400 రియాళ్లు మన లెక్కలో ముప్పై వేల పైచిలుకు. తిండికి, ఫోనుకు తీసేస్తే ఇంటికి పంపగలిగేది ఇరవై వేల చుట్టుపక్కల. ఇది మంచి సంపాదనే, కాదనను. అయితే ఆ 1,400 మూల జీతమా, ఓటీ, అంటే ఓవర్‌టైం డబ్బు కలిపి చెప్పిందా, తిండి ఎవరిది అన్నది ఏజెంటు నోటితో కాదు, కాగితం మీద చూడు.

అమ్మ భయం గురించి నిజం నిజంగానే చెప్పాలి. దొంగతనానికి చేయి తీసే శిక్ష వాళ్ల చట్టంలో ఉంది. గతంలో అమలైంది కూడా. కానీ దానికి సాక్ష్యాలు, షరతులు చాలా గట్టివి, అమలయ్యేది అరుదు. నా పందొమ్మిదేళ్లలో అట్లా చేయి పోయినవాణ్ణి నేను చూడలేదు. మరణశిక్షలు మాత్రం తగ్గలేదు. 2024 ఒక్క సంవత్సరంలోనే 300 దాటాయి. వాటిలో మూడో వంతు దాకా మత్తుమందుల కేసులు, బయటి దేశాలవాళ్లూ ఉన్నారు. కాబట్టి "అదంతా పుకారు" అని మీ అమ్మతో చెప్పకు. "నేను ఎవరి పార్శిలూ పట్టుకుపోను" అని చెప్పు.

మనవాళ్లు జైలుకు పోయేది ఎక్కువగా చేతులు నరికే నేరాలకు కాదు, తెలియక చేసినవాటికి. నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. రియాద్ ఎయిర్‌పోర్టులో నాతో పాటు దిగిన ఒక అన్న సంచిలో వాళ్ల ఇంట్లోవాళ్లు మసాలా సామాన్లు కట్టి పెట్టారు. దాల్చిన చెక్క, లవంగాలు, దాంతోపాటు చిన్న పొట్లంలో గసగసాలు. మనకు కోడికూరలోకి గసగసాలు లేకపోతే ఎట్లా? అక్కడ గసగసాలు నిషేధం, నల్లమందు మొక్క విత్తనాలు కాబట్టి. ఆఫీసరు ఆ పొట్లం విప్పి అరచేతిలో పోసుకుని చూశాడు. ఆ అన్నను పక్కకు తీసుకుపోయారు. మనిషి వణికిపోతున్నాడు, ఒక్క ముక్క అరబ్బీ రాదు. ఎన్నాళ్లకో బయటికి వచ్చాడు. దగ్గు మందులు, నొప్పి మాత్రలు కూడా డాక్టర్ చీటీ లేకుండా పట్టుకుపోవద్దు. "మా తమ్మునికి ఇయ్యి" అని ఎవరైనా పచ్చడి డబ్బా ఇస్తే, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, మూత తీసి గరిటెతో కలిపి చూడు, లేదా తీసుకోకు. మందు దొరకదు, దొంగచాటుగా కాసేది గదుల దాకా వస్తుంది, దాని జోలికి పోకు. లైసెన్సు లేకుండా కంపెనీ పికప్ నడపమని ఫోర్‌మన్ చెప్పినా నడపకు. ఎవరికైనా తగిలి ప్రాణం పోతే దియా అని రక్తపరిహారం కట్టాలి, అది లక్షల రియాళ్లలో ఉంటుంది.

దేవుడి సంగతి. గుడి లేదు, చర్చి లేదు. బయట మన పూజ చేయడానికి లేదు. మక్కాలోకి ముస్లింలు కానివాళ్లను రానివ్వరు, రోడ్డు మీదే బోర్డులు ఉంటాయి. ఇదంతా ఉన్న మాటే. అయితే గదిలో నీ మంచం తలాపున చిన్న పటం పెట్టుకుని దండం పెట్టుకుంటే మా పందొమ్మిదేళ్లలో ఎవరూ వచ్చి అడగలేదు. బయటికి చూపించకుండా, పాట పెద్దగా పెట్టకుండా ఉండాలి, అంతే. ఉగాదికి మా గదిలో పచ్చడి చేసేవాళ్లం. ఇంటి నుంచి ఎవరైనా వస్తే ఎండబెట్టిన వేపపువ్వు తెప్పించుకునేవాళ్లం. జిద్దాలో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు, రోడ్డు పక్కనే వేప చెట్లు. మా గదిలో ఉండే గద్వాల ఖాదర్ భాయ్ హజ్‌కు పోయి వచ్చి చెప్పాడు, అరఫాత్ మైదానంలో హాజీలకు నీడనిచ్చేవి వేల వేప చెట్లేనట. "మన ఊరి చెట్టు కింద కూసున్నట్టే ఉండె భాయ్" అన్నాడు. ఆయన ప్రతి ఉగాదికి మా పచ్చడి తాగేవాడు, రంజాన్‌లో మేం ఆయన ఇఫ్తార్‌కు కూర్చునేవాళ్లం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. రంజాన్ నెలలో పగలు బయట నీళ్లు కూడా తాగకు. మతం మీద ఫోన్లో ఒక్క పోస్టు కూడా పెట్టకు, ఎవరో పెట్టింది పంపకు.

మారిపోయింది అన్న మాటలో సగం నిజం ఉంది. నేను పోయినప్పుడు నమాజు వేళకు షట్టర్లు టపటపా దించేవాళ్లు. ముతవ్వాలు, అంటే మతం పోలీసులు, బెత్తం పట్టుకుని తిరిగేవాళ్లు, జుట్టు పొడుగ్గా ఉంటే ఆపేవాళ్లు. 2016లో వాళ్లకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. 2018 ఏప్రిల్లో ముప్పై ఐదేళ్ల తర్వాత సినిమా హాలు తెరిచారు. అదే ఏడు జూన్ 24న ఆడవాళ్లు కారు నడపడం మొదలైంది. ఆ వారంలో మా కంపెనీ బస్సు పక్కన సిగ్నల్ దగ్గర ఒక అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని ఉంటే బస్సులో అందరం లేచి నిలబడి చూశాం. ఆమె మమ్మల్ని చూసి నవ్వింది. అయితే ఇదంతా చూసి దుబాయ్ అయింది అనుకుంటే ఇబ్బందిలో పడతావు. మనలాంటి పనివాళ్లకు మందు నిషేధం అట్లనే ఉంది, సర్కారును ఏమైనా అంటే జైలు అట్లనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నిన్ను కాపాడేదీ ముంచేదీ ఒక్క కాగితం తమ్ముడూ. వీసా మీద అరబ్బీలో రాసిన నీ పని పేరు.

2001లో నాకు చెప్పింది రియాద్‌లో కంపెనీ, హెల్పర్ పని అని. నాయిన ఎకరన్నర కుదువ పెట్టి డబ్బు కట్టాడు. వీసా మీద అరబ్బీ అక్షరాలు మేమిద్దరం చూశాం, చదవలేకపోయాం. ఎయిర్‌పోర్టు బయట ఒకాయన పికప్‌లో ఎక్కించుకుని నాలుగు గంటలు తీసుకుపోయి చేనులో దించాడు. వీసా మీద ఉన్నది పొలం కూలీ అని. కఫీల్ చెడ్డవాడు కాదు. మాతో పాటు కింద కూర్చుని ఒకే పళ్లెంలో తినేవాడు. జ్వరం వస్తే తానే కారులో ఆస్పత్రికి తీసుకుపోయాడు. కానీ జీతం నాలుగు నెలలకు ఒకసారి. అడిగితే "పంట వచ్చాక" అనేవాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో. వదిలి పోదామంటే హురూబ్ రాస్తారని భయం, అంటే పారిపోయాడని రిపోర్టు. అది పడితే ఇకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, చేతిలో ఉన్నా లేనట్టే. రెండేళ్లు అయ్యాక ఆయనే సంతకం పెట్టి రియాద్ కంపెనీకి ట్రాన్స్‌ఫర్ ఇచ్చాడు. ఇవ్వకపోతే నా కథ వేరుగా ఉండేది.

2021 మార్చి 14 నుంచి రూల్ మారింది. ఏడాది పని చేశాక, నోటీసు ఇచ్చి, కఫీల్ ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీకి మారొచ్చు. ఇంటికి రావడానికి ఎగ్జిట్ వీసా నీ ఫోన్లోంచే పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. కానీ ఉద్యోగం మారడం, ఎగ్జిట్ వీసా గురించిన ఈ మార్పు కంపెనీ పనివాళ్లకే. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, కాపలావాళ్లు, గొర్రెల కాపర్లు, పొలం కూలీలు, తోటమాలులు అందులోకి రారు. ఈ తేడా అంతకు ముందు నుంచీ ఉన్నదే. అందుకే "సౌదీ నరకం" అన్న గొర్రెల కాపరీ, "సౌదీ బంగారం" అన్న కంపెనీ ఆయనా ఇద్దరూ నిజమే చెప్పారు అన్నాను. ఇద్దరూ పోయింది ఒకే దేశానికి, కానీ ఇద్దరి మీదా నడిచిన చట్టం ఒకటి కాదు.

నీ విషయంలో ఒక మంచి గుర్తు ఉంది. 2023 నుంచి ఇండియా నుంచి ఎలక్ట్రీషియన్ వీసా మీద పోయేవాళ్లకు ముందే ఇక్కడ నైపుణ్య పరీక్ష పెడుతున్నారు, తకామూల్ అనే సౌదీ సంస్థ తరఫున. అది పాసైతేనే వీసా ముందుకు కదులుతుంది. "పరీక్ష గిరీక్ష ఏం అవసరం లేదు, నేను చూసుకుంటా" అని ఏజెంటు అన్నాడంటే ఆ వీసా మీద ఉన్నది ఎలక్ట్రీషియన్ కాకపోవచ్చు. అక్కడే ఆగు. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడొచ్చు. లైసెన్సున్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద నీ దగ్గర తీసుకోవాల్సింది ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్ష, లక్షన్నర అడుగుతున్నాడంటే రసీదు ఇస్తాడేమో అడుగు, ముఖం చూస్తే తెలిసిపోతుంది. పదో తరగతి పాసైనవాడివి కాబట్టి నీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోయేముందు మన సర్కారు ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. అది సుఖంగా కనిపిస్తుంది కానీ, నీ కాంట్రాక్టు ఇక్కడ ఏ ఆఫీసరూ చూడడు, నువ్వే చూసుకోవాలి. మన రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, హైదరాబాద్‌లో. ఒక్కసారి అక్కడికీ పోయి అడుగు, బస్సు చార్జీ తప్ప పోయేదేమీ లేదు. ఇకామా ఖర్చు కంపెనీదే, నీ జీతంలో కోస్తే తప్పు. ఐదేళ్ల లోపు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. వచ్చేటప్పుడు అడిగి తీసుకో. చాలామంది అడగక వదిలేసి వస్తారు.

వాళ్లకూ మన మీద అభిప్రాయాలు ఉంటాయి, పోయాక నువ్వే చూస్తావు. అక్కడివాళ్లు, ఎవరైనా తమను మోసం చేయబోతే "అనా హిందీ?" అంటారు. నేను హిందీవాణ్ణా, అంటే అంత అమాయకుణ్ణా అని. మొదటిసారి విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. బొంబాయిలో మా నాయినను తట్ట మోసేవాడు అనే తప్ప పేరుతో పిలవని మేస్త్రీలు గుర్తొచ్చారు. ఒకసారి స్టోరులో పనిచేసే సౌదీ పిల్లవాడు నా ఫోన్లో మా ఊరి ఫోటో చూశాడు. వానాకాలం, చేలన్నీ పచ్చగా ఉన్నాయి, దూరంగా కృష్ణ కనిపిస్తోంది. ఆ నది తెలంగాణలోకి వచ్చేది మా దిక్కునే, తంగిడి దగ్గర. "ఇంత నది పెట్టుకుని ఇక్కడికి ఎందుకొచ్చావు?" అన్నాడు. ఎటకారం కాదు, నిజంగానే అడిగాడు. నది పక్కన ఉండి కూడా బోరు నీళ్లకు ఏడ్చామని, నాయిన మూడు బోర్లు వేసి మూడూ పోయాయని, అందుకే ఎకరన్నర కుదువకు పోయిందని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. వాళ్ల తాత బావి కూడా అట్లనే ఎండిందన్నాడు. ఆ రోజు నుంచి నన్ను "హిందీ" అనడం మానేసి పేరు పెట్టి పిలిచాడు.

కాబట్టి నువ్వు ముందు చేయాల్సింది, వీసా కాపీ తెప్పించుకోవడం. డబ్బు మొత్తం కట్టకముందే అడుగు. దాని మీద పని పేరు ఉన్న లైను ఫోటో తీసి, నీ పేరు, పాస్‌పోర్టు నంబరు కనపడకుండా మూసి, ఇక్కడ పెట్టు. నేను చదివి చెప్తాను. నాకు ఆలస్యమైతే ఇక్కడ అరబ్బీ చదివేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లెవరైనా చెప్తారు. అమ్మకు నా మాటగా చెప్పు, సంచి కట్టేటప్పుడు పల్లీ పొడి, కరివేపాకు పొడి, ఎండు వేపపువ్వు ఎంతైనా పెట్టొచ్చు. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా వద్దు.